బీపీ గోలీల కోసం నెలకు మూడుసార్లు రావాలా?

వరంగల్ చుట్టుపక్కల ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైనా సోమవారం పొద్దున పదింటికి వెళ్లి చూడండి. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఇంకోటి, రక్తపరీక్షకు మరోటి, చివర మందుల కిటికీ దగ్గర తోపులాట. భోజనాల వేళ దాటితే అదే వరండాలో జనం పలచబడిపోతారు. సిబ్బంది తక్కువన్నది నిజమే. ఖాళీలు నింపాల్సింది ప్రభుత్వమే, అందులో మరో మాట లేదు. అయితే పోస్టులన్నీ నిండిన చోట కూడా లైను తగ్గడం లేదంటే లోపం ఏర్పాటులో ఉన్నట్టే.

ఆ లైనులో నిలబడ్డవాళ్లను ఒకసారి అడగండి. చాలామంది కొత్త జబ్బుతో వచ్చినవాళ్లు కాదు. బీపీ, షుగర్ గోలీలు అయిపోయి మళ్లీ వచ్చినవాళ్లు. నాట్లకో పత్తి ఏరడానికో పోయే ఆడమనిషి కూలి వదులుకుని, ఆటో కిరాయి పెట్టుకుని వస్తే, స్టాక్ తక్కువుందని పది రోజుల గోలీలు చేతిలో పెడతారు. అంటే నెలకు మూడు రాకలు. నెలకు సరిపడా ఒకేసారి ఇస్తే ఒక్క రాకతో పోయేది. లైనును మనమే మూడింతలు చేసుకుంటున్నాం. రెండోసారికో మూడోసారికో ఆమెకు విసుగొచ్చి మానేస్తుంది. ఒంట్లో ఏమీ తెలియదు కాబట్టి బాగానే ఉన్నాననుకుంటుంది. ఏడాది తిరిగేసరికి పక్షవాతం వస్తే 108 ఎక్కించి వరంగల్‌లోని పెద్దాసుపత్రి ఎంజీఎంకు తెస్తారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చే కేసులతో ఎంజీఎం ఎందుకు కిక్కిరిసిపోతోందో చెప్పడానికి కమిటీలు అక్కర్లేదు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. అధిక రక్తపోటు నియంత్రణకు 2017లో దేశంలో మొదలైన కార్యక్రమంలో తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. నెల రోజుల మందులు ఒకేసారి ఇవ్వాలి, బీపీ అదుపులో ఉన్నవాళ్లకు ఊరి దగ్గరి ఉపకేంద్రంలోనే ఇవ్వాలి అన్నది అందులోని మూలసూత్రం. నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 5,000 మందికి, గిరిజన ప్రాంతమైతే 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలి. ఉపకేంద్రానికి పల్లె దవాఖాన అని బోర్డు మార్చిన చోట గోలీలు కూడా ఉంటే సగం జనం మండలం దాకా రానే రారు. అప్పుడు డాక్టరుకు జ్వరంతో వణికే పిల్లవాడిని తీరిగ్గా చూసే వీలుంటుంది.

ఇక స్టాక్ సంగతి. ఎక్కడ ఎంత మందుందో ఈ-ఔషధి అనే సర్కారు మందుల లెక్కల కంప్యూటర్‌లో కనిపిస్తుంది. అలాంటప్పుడు ఒక కేంద్రంలో గోలీలకు గడువు తీరిపోవడం, పక్క మండలంలో అవే లేకపోవడం ఏమిటి? మందులు కావాలని పంపే పాత చీటీ (ఇండెంటు) చూసి కొత్తది రాసేయడం మాని, పోయిన నెల వాడకం చూసి రాయాలి. ఏటూరునాగారం, తాడ్వాయి అటవీ గ్రామాలకైతే ఇది ప్రాణాల లెక్క. జంపన్నవాగు పొంగితే దారులు తెగిపోతాయి. పాముకాటు మందు, జ్వరం కిట్లు జూన్ మొదట్లోనే అక్కడికి చేరాలి, ఆగస్టులో పడవ మీద కాదు.

ఊళ్లలో తిరిగి చూసే ఆరోగ్య కార్యకర్తలు, ఏఎన్‌ఎంల మాట కూడా చెప్పాలి. ఒకే గర్భిణి వివరాలు రిజిస్టర్‌లో ఒకసారి, ఫోన్‌లో ఇంకోసారి ఎక్కించి, నెట్‌వర్క్ లేక మళ్లీ ఎక్కించే టెన్షన్‌లో బీపీ మిషన్ సంచిలోనే ఉండిపోతుంది. ఒకసారి రాస్తే అన్నిచోట్లా పడేలా చేయడం హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ల పని.

అసలు చిక్కు సమీక్షల్లో ఉంది. ఓపీ ఎంత, అంటే ఎంతమంది వచ్చి చూపించుకున్నారు అని అడుగుతారు. పది రోజుల గోలీలిచ్చే కేంద్రంలో ఓపీ ఎక్కువే కనిపిస్తుంది, శభాష్ కూడా దక్కుతుంది! నెల మందులిచ్చి జనాన్ని ఇంటి దగ్గరే ఉంచిన కేంద్రం వెనకబడినట్టు తేలుతుంది. జిల్లా వైద్యాధికారులు, కలెక్టర్లు వచ్చే సమీక్షలో రెండే ప్రశ్నలు అడగాలి. పేరు రాయించుకున్న బీపీ, షుగర్ రోగుల్లో ఈ నెల మందులు తీసుకున్నది ఎంతమంది? చీటీ తీసుకున్న మనిషి గోలీలతో గేటు దాటడానికి ఎంతసేపు పట్టింది?