అత్తయ్య పాకంలో నా పరిశోధన

నాలుగేళ్లుగా నేను దేని మీద పరిశోధన చేస్తున్నానో మా అత్తయ్యకు అంతుపట్టలేదు. "ఏవో లోహాలమ్మా" అని మా ఆవిడ చెప్పింది. ఆ మాట ఎంవీపీ కాలనీలో మా పక్క ఫ్లాటుకు చేరేసరికి నాది పాత ఇనుప సామాన్ల వ్యాపారమైపోయింది.

మొన్న ఆదివారం అత్తయ్య పలాస జీడిపప్పుతో అచ్చు చేద్దామని ముదురు పాకం పెట్టారు. బీచ్ గాలికి అచ్చు ఇట్టే జిగురెక్కుతుందని డబ్బా కూడా తుడిచి పెట్టుకున్నారు. ఒక చుక్క చన్నీళ్లలో వేసి, గట్టిపడ్డాక తీసి పళ్లేనికేసి కొడితే టంగుమంది.

"అదిగో అత్తయ్యా! నా పరిశోధన అదే!"

"జీడిపప్పు అచ్చా?" అన్నారు హాల్లోంచి మావయ్య. ఆయన స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు.

పంచదార పలుకుల్లో అణువులు వరుసల్లో నిలబడతాయనీ, కరిగించి గబుక్కున చల్లార్చితే వరుస కట్టే టైము లేక ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయనీ, అదే గాజనీ చెప్పాను. లోహాన్నీ అలా చెయ్యొచ్చు. 1960లో కాలిఫోర్నియాలో పోల్ డువెజ్ బృందం బంగారం, సిలికాన్ కలిపి కరిగించి, సెకనుకు 10 లక్షల డిగ్రీల లెక్కన చల్లార్చి గాజు చేసింది.

"బంగారంతో గాజులు ఎప్పట్నించో చేస్తున్నారు కదా బాబూ?" అన్నారు అత్తయ్య, చేతులు చూసుకుంటూ.

"మా ప్లాంటులో అంత ఉక్కు పోశాం. ఒక్కసారీ గాజవలేదే?" అన్నారు మావయ్య.

"అంత నెమ్మదిగా చల్లారితే ఎలా అవుతుంది మావయ్యా?" అనేశాను. పేపరు మడిచిన చప్పుడు గట్టిగానే వినబడింది.

ఊపులో గరిటె అందుకున్నాను. "నా గాజులో జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు వంచబోతే ఏదో ఒక సన్నటి చార వెంట జారి పుటుక్కుమంటుంది. 350 డిగ్రీలు దాటిస్తే మీ పాకంలా సాగుతుంది. అచ్చులో నొక్కితే ఆ ఆకారమే. 430 దగ్గరకొస్తే మాత్రం పలుకు కట్టేస్తుంది, ఇక పెళుసే. ఎంత వేడి చేస్తే అంత మెత్తన, కానీ అంత తక్కువ టైము..."

చెబుతూనే స్టవ్ కట్టేశాను. గిన్నె అంచున ఎండిన పంచదారను శుభ్రంగా గీకి పాకంలోకి నెట్టాను. గిరగిరా తిప్పాను.

అద్దంలా ఉన్న పాకం మొదట పాలలా తెల్లబడింది. తర్వాత గరిటె బరువెక్కింది. తర్వాత నేను వదిలేసినా నిటారుగా నిలబడింది.

"తిప్పకండి బాబూ!" అని అత్తయ్య అరిచేసరికి గిన్నెలో ఉన్నది ఇసుక.

"పాకం తిప్పితే పలుకు కట్టదా మరి? ముందే నాలుగు చుక్కలు నిమ్మరసం పిండాల్సింది. మీ మాటల్లో పడి మర్చిపోయాను."

నిజమే. నిమ్మరసం కొంత పంచదారను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. తలో రకం అణువూ చేరితే వరుస కుదరదు. నా గాజులో తలో సైజు పరమాణువులు కలిపేది కూడా అందుకే. నా థీసిస్‌లో దీనికి ఒక అధ్యాయమే ఉంది. ఆవిడకు నాలుగు చుక్కలు సరిపోయాయి.

సాయంత్రం పక్క ఫ్లాటు ఆవిడ వచ్చారు. వంటింట్లోకి తొంగిచూసి, "మీ అల్లుడు గారు పాత సామాన్లు కొంటారట కదండీ?" అన్నారు.

అత్తయ్య అట్లకాడతో గిన్నె అడుగు గీకుతూ తలెత్తలేదు.

"అవునండీ. ముందు ఈ గిన్నె వేస్తున్నాం."