జీ స్కేలు జనాభా లెక్కలు

పెళ్ళి సంబంధం తెచ్చేవాళ్ళు కూడా అబ్బాయి ఎత్తు ముందే చెబుతారు. మోడల్ రైల్వేకి మనుషుల బొమ్మలు అమ్మేవాళ్ళు మాత్రం చెప్పరు. పాకెట్ మీద "జీ స్కేల్ మనుషులు, రంగులు వేసినవి" అని ఉంటుంది. ఫొటోలో పదిమంది ఠీవిగా నిలబడి ఉంటారు. వాళ్ళ పక్కన స్కేలు బద్ద ఉండదు, అగ్గిపెట్టె అయినా ఉండదు. ఎన్ని మిల్లీమీటర్లండీ అంటే "జీ స్కేల్ సార్" అని జవాబు. జీ అంటే ఎంత బాబూ? "పెద్ద సైజు సార్."

ఆ అమ్మేవాడు అబద్ధమాడటం లేదు, అసలు దుఃఖం అదే. 1968లో జర్మనీలో, న్యూరెంబర్గ్ లెమాన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో 45 మి.మీ. ఎడమున్న పట్టాల మీద బొమ్మ రైళ్ళు తెచ్చినప్పుడు లెక్క శుభ్రంగా ఉండేది. మీటర్ గేజ్‌ని, అంటే పట్టాల మధ్య మీటరు ఎడాన్ని, 22.5 వంతుల్లో ఒక వంతుకి కుదిస్తే 44.4 మి.మీ., దాన్ని 45 అనుకుంటే ఎవరి సొమ్మూ పోదు. అందుకే మన గుంతకల్–గుంటూరు లైనుకీ, సికింద్రాబాద్–నిజామాబాద్–మన్మాడ్ లైనుకీ, అవి మీటర్ గేజ్‌గా ఉన్న రోజులకి, 1:22.5 అతికినట్టు సరిపోతుంది. తర్వాత అదే పట్టా మీదికి అమెరికా మూడడుగుల గేజ్ రైళ్ళు 1:20.3లో ఎక్కాయి. 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్ వాళ్ళు 1:32లో ఎక్కారు. కొందరు అమెరికన్ తయారీదార్లు 1:29 అన్నారు. మధ్యలో 1:24 కూడా దూరింది. పట్టా ఒక్కటే కాబట్టి అంగడివాడి దృష్టిలో అందరూ జీ కులస్థులే. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ.ని ఈ పట్టా మీద నిలబెట్టాలంటే 1:37 అవుతుంది. ఆ స్కేలులో మనుషుల్ని అడగండి, అంగడివాడే షట్టరు దించుతాడు.

కనుక జనాభా లెక్కల అధికారి హోదాలో కొన్ని అంకెలు మనవి చేసుకుంటాను. 170 సెం.మీ. మనిషి 1:20.3లో 84 మి.మీ. ఉంటాడు. 1:22.5లో 75కి కాస్త పైన, 1:24లో 71, 1:29లో 59, 1:32లో 53. పాకెట్ చేతికొచ్చాక చేయాల్సిన పని ఒక్కటే. బొమ్మని నిలబెట్టి, టోపీ, బేస్ వదిలేసి అరికాలి నుంచి నడినెత్తి దాకా కొలిచి, 22.5తో గుణించాలి. మీ 1:22.5 స్టేషన్లో ఆ మనిషి అసలు ఎత్తు తేలుతుంది. 1:20.3 వాడు 188 సెం.మీ. తేలతాడు. ఉంటారు అలాంటివాళ్ళు, ఊరికొకడు. వాడిని వెనక వరసలో కాకుండా ముందు పెట్టండి, దగ్గరున్నాడు కాబట్టి పెద్దగా ఉన్నాడనుకుంటారు. 1:24 వాడు 159 సెం.మీ., వాడితో ఏ పేచీ లేదు. కారు మోడళ్ళ కోసం చేసే 1:24 మనుషుల్ని నిశ్చింతగా కొనుక్కోవచ్చు, చేతిలో పెట్టె మాత్రం మార్చండి, చిన్నదైపోతుంది. 1:29 వాడు 132 సెం.మీ. దగ్గర ఆగుతాడు. ఇక 1:32 వాడు, అంటే బజార్లో దొరికే 54 మి.మీ. సైనికుడి వరస వాడు, 119 సెం.మీ. ఏడేళ్ళ పిల్లాడి ఎత్తు. కాకపోతే ఆ పిల్లాడికి బట్టతల, గుబురు మీసం, చేతిలో బ్రీఫ్‌కేసు ఉంటాయి.

ఇప్పుడు దయచేసి నాతోపాటు ప్లాట్‌ఫారం మీదికి రండి. తెలంగాణలో ఒక మీటర్ గేజ్ స్టేషను. పసుప్పచ్చ బోర్డు మీద ఊరి పేరు మూడు భాషల్లో, సముద్ర మట్టానికి ఎంత ఎత్తో కూడా రాసి ఉంది. వేపచెట్టు అసలు ఆకుల్ని మరపిస్తోంది. మే నెల. బెంచీ మీద ఉన్ని కోటు, మఫ్లరు వేసుకున్న దంపతులు సికింద్రాబాద్ బండి కోసం చూస్తున్నారు. వాళ్ళ పక్కన భుజాన స్కీ కర్రలతో ఒక యువకుడున్నాడు. నిజామాబాద్‌లో మంచు బాగా పడుతోందని విన్నాడు కాబోలు. నీళ్ళ కుళాయి దగ్గర బవేరియా తోలు నిక్కర్లలో బ్యాండు మేళం. తూబాలు, ట్రంపెట్లు. పెళ్ళివారేమో అనుకుంటే, అదిగో పెళ్ళికూతురు కూడా ఉంది, తెల్లగౌను, పూలగుత్తి. పెళ్ళికొడుకు ఆమె నడుము దాకా వచ్చాడు, పాపం వేరే పాకెట్ వాడు. టికెట్ల కిటికీ ముందు ముగ్గురు క్రైస్తవ సన్యాసినులు, ఒక వైను గ్లాసు పెద్దమనిషి, ఈత దుస్తుల్లో ఒక యువతి. బట్టతల పిల్లాడు బ్రీఫ్‌కేసుతో వీళ్ళందరి మోకాళ్ళ మధ్య నుంచి నడుస్తున్నాడు. ఇంతలో ఎర్రటోపీ పెట్టుకున్న జర్మన్ స్టేషన్‌మాస్టరు బయటికొచ్చి గుండ్రటి పలక చూపిస్తాడు. మన వైపీ, అంటే మీటర్ గేజ్ ఆవిరి ఇంజను, దాన్ని పచ్చజెండా అనుకుని బయల్దేరాలి. సింగిల్ లైనులో, ముందు దారి ఖాళీ అని చెప్పే టోకెన్ చేతికందకుండా డ్రైవరు అంగుళం కదలడని తెలిసినవాళ్ళం. ఆ టోకెన్ వలయం భుజానికి తగిలించుకున్న పాయింట్స్‌మన్ ఎక్కడ? లేడు. అతనికి బదులు అకార్డియన్ వాయించేవాడున్నాడు.

ఈ స్టేషన్ కట్టిన మహానుభావుడు సామాన్యుడు కాడు. వైపీ వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు మీద రివెట్ల వరస ఒకటి తక్కువైందని తయారీదారుకి నాలుగు పేజీల ఉత్తరం రాసినవాడు. ఆ ఇంజన్ క్యాబ్‌లో బంగారు రంగు జుట్టు డ్రైవరు గులాబీ బుగ్గలతో కూర్చుని ఉంటే ఆయన కంటికి ఆనలేదు. నీలగిరి కొండ రైలు పాత ఎక్స్ క్లాసు ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో పుట్టాయి, అక్కడైతే స్విస్ డ్రైవరుకి ఏదో పుట్టింటి వంక ఉందనుకుందాం. టాటావాళ్ళు జంషెడ్‌పూర్‌లో చేసిన వైపీకేం వంక?

ఇందులో జర్మన్లని అనాల్సింది ఏమీ లేదు. 1949లో మొదలైన ప్రైజర్ కంపెనీ తన చుట్టూ కనిపించే మనుషుల్ని చేసింది, ఏ స్కేలో డబ్బా మీద స్పష్టంగా రాసింది, రాసిన కొలతకి కట్టుబడింది. వాళ్ళ 1:22.5 బొమ్మ చేతిలో పెట్టుకుని చూస్తే చొక్కా ముడతలో కూడా పనితనం తెలుస్తుంది. ధర చూశాక కూడా తెలుస్తుంది. దాన్ని భరించలేనివాళ్ళు ఆర్కిటెక్టుల మోడళ్ళ కోసం చేసే 1:25, 1:30 మనుషుల్ని సంచుల లెక్కన తెచ్చుకుంటారు. సంచిలో వందమంది ఉన్నా అచ్చులు కొన్నే, కాబట్టి ఒకే మనిషి ప్లాట్‌ఫారం మీద పదకొండు చోట్ల, పదకొండు రంగుల చొక్కాల్లో కనిపిస్తాడు. తల తిప్పాలంటే మెడ దగ్గర సన్నరంపంతో కోసి, కొంచెం తిప్పి అతకండి. చేతిని భుజం దగ్గర కోసి పైకెత్తండి. ఇద్దరి నడుములు కోసి పై భాగాలు మార్చండి. కవల సోదరులు కాస్తా దూరపు చుట్టాలవుతారు. ఇంకొందరు ప్లేమొబిల్ బొమ్మల్ని తెచ్చి నిలబెడతారు. ఎత్తు 75 మి.మీ., లెక్క పైసాతో సహా సరిపోయింది! ఎత్తులో నాలుగో వంతుకి పైగా తలే కావడం లెక్కల మాస్టారు పట్టించుకోరు.

త్రీడీ ప్రింటర్ కొన్నవాళ్ళ వైభవం ఇంకో రకం. యుద్ధ ఆటల 28 మి.మీ. బొమ్మ ఫైలు తీసుకుని 75కి సాగదీస్తారు. ఆ బొమ్మలకి కావాలనే తలా చేతులూ పెద్దవి చేస్తారు, అంత చిన్న సైజులో కంటికి ఆనాలని. సాగదీశాక టికెట్ కలెక్టరు చేతులు రోకళ్ళవుతాయి. సరైన పాళ్ళలో ఉన్న 1:35 ఫైలుని 155.6 శాతానికి, 1:32ని 142.2కి, 1:24ని 106.7కి పెంచితే మన 1:22.5 వస్తుంది. లోపల డొల్ల చేస్తే గోడ మందం 2 మి.మీ. ఉంచి, అరికాళ్ళ కింద 3 మి.మీ. రంధ్రాలు రెండు పెట్టాలి. లేకపోతే గట్టిపడని రెజిన్ లోపలే ఉండిపోయి, కొన్నాళ్ళకి బొమ్మ పగిలి ప్లాట్‌ఫారం మీద కారుతుంది.

నవ్వుకోవడం ఇక్కడికి చాలు. స్కీ కర్రల వాడు దొరుకుతాడు. ఈత దుస్తుల యువతి దొరుకుతుంది. ఎర్రచొక్కా, జబ్బకి ఇత్తడి బిళ్ళ, నెత్తిన చుట్టకుదురు, దాని మీద రెండు ట్రంకుపెట్టెలు మోసే కూలీ ఏడీ? మడమలు నేలకి ఆన్చి గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకునే రైతు ఏడీ? చంకలో బిడ్డ, చేతిలో సంచీ, పెదాల మధ్య టికెట్టు పట్టుకుని మూడో తరగతి పెట్టె వెంట పరిగెత్తిన ఆడమనిషి ఏదీ? తెల్లారకముందే స్పానరూ సుత్తీ భుజానేసుకుని, తన బీటులో పట్టాని బిగించి ఉంచే ప్రతి కీనీ తడిమి చూసుకుంటూ మైళ్ళు నడిచే కీమన్ ఏడీ? మే ఎండలో కాలే పట్టాన్ని గునపాలతో ఎత్తి సరిచేసిన గ్యాంగు, వెనక నుంచి బండి వస్తే పక్కకి దూకడానికి క్షణం చాలక ఆ పట్టాల మీదే ప్రాణాలు పోగొట్టుకున్న మనుషులు, వీళ్ళకి ఒక్క బొమ్మ లేదు. పైగా ఈ అభిరుచి పెద్దలు "మనుషులు ఎందుకండీ, ఇంజను అందం చెడుతుంది" అంటారు. ఏ మనుషుల కోసం ఆ లైను వేశారో, ఏ మనుషులు దాన్ని వేశారో, వాళ్ళు వీళ్ళ ఇంజను అందానికి అడ్డమట! రివెట్టు తగ్గితే నాలుగు పేజీల ఉత్తరం రాసే చెయ్యి, గ్యాంగ్‌మన్ లేడని ఒక్క పోస్టుకార్డు ముక్క రాయదు. సిగ్గుండాలి.

సరే. లేనివాణ్ణి చేసుకోవాలి. 1 మి.మీ. రాగి తీగతో అస్థిపంజరం కట్టండి. తల 10 మి.మీ., కాళ్ళ చీలిక సగం ఎత్తులో, అంటే 37 దగ్గర, భుజాల వెడల్పు 20. ఒక కాలి తీగని 10 మి.మీ. కిందికి వదిలేస్తే అదే మేకు. ప్లాట్‌ఫారంలో రంధ్రం చేసి గుచ్చేయొచ్చు, జిగురు అక్కర్లేదు, వానొస్తే పీకి ఇంట్లో పెట్టుకోవచ్చు. భంగిమ ఇప్పుడే వంచాలి, తర్వాత కుదరదు. ఎంసీల్ రెండు ముద్దలూ రంగు ఒక్కటయ్యేదాకా పిసికి, మొదటి రోజు ఎముకల మీద పల్చగా పట్టించి వదిలేయండి. కండ మర్నాడు. రెండూ ఒకేరోజు చేస్తే ముద్ద జారి మోకాళ్ళ దగ్గర చేరి, కూలీకి బోదకాలు వస్తుంది. పంచెకీ చీరకీ టిష్యూ కాగితాన్ని ఒక పొరకి విడదీసి, సమానంగా నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి చుడితే కుచ్చెళ్ళు అద్భుతంగా వస్తాయి. మొదటి వానకి అద్భుతంగా పోతాయి కూడా. మేడమీద, తోటలో నడిచే రైల్వే అయితే కాగితం వద్దు. ఎంసీల్‌నే రెండు పాలిథీన్ షీట్ల మధ్య కొంచెం పౌడరు చల్లి అప్పడంలా వత్తి చుట్టండి.

కొన్న మెత్తటి పీవీసీ బొమ్మలైతే ముందు సబ్బునీళ్ళలో కడిగి, ప్లాస్టిక్ ప్రైమరు, దాని మీద అక్రిలిక్ రంగు. ఎనామెల్ వేస్తే ప్లాస్టిక్‌లోని నూనె పదార్థం పైకి తేలి నెలలు గడిచినా చేతికంటుతూనే ఉంటుంది. ఎండలో ఈ పీవీసీ జనం మెల్లగా ముందుకి వంగి రైలుకి దండం పెడతారు, కాళ్ళలోకి తీగ దించితే నిటారుగా ఉంటారు. ఒంటిరంగు అని అమ్మే గులాబీ సీసాని బ్యాండు మేళానికే వదిలేసి, గోధుమ రంగులో పసుపుమట్టి రంగు, చుక్క తెలుపు కలుపుకోండి. పది మందికి పది పాళ్ళలో.

పెట్టెలో కూర్చునేవాళ్ళ కోసం కష్టపడనక్కర్లేదు. కిటికీ ఊచల్లోంచి నడుము కింద ఏమీ కనిపించదు. తొడల దగ్గర కోసి సీటుకి అంటించండి, నలుగురు పట్టేచోట ఏడుగురిని కుక్కొచ్చు, చరిత్రకి కూడా అదే దగ్గర. నిలువు బొమ్మని పూర్తిగా కూర్చోబెట్టాలంటే నడుము దగ్గర ముందువైపు, మోకాలి దగ్గర వెనకవైపు వీ ఆకారంలో ముక్క తీసి మడవాలి. తారుమారైతే ప్రయాణికుడు మిడత అవుతాడు.

ఇవేవీ చేతకాదంటే విజయవాడ పక్కన కొండపల్లి ఉంది. తెల్ల పొణికి కర్రతో తలా చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికే ఆ చేతులకి కూలీ, కల్లుగీత మనిషి, బుట్ట నెత్తిన పెట్టుకున్న ఇల్లాలు కొత్త కాదు. బొమ్మల కొలువులో ఏనుగు కన్నా ఎలుక పెద్దదైనా ఎవరూ అడగరు గానీ, ఇక్కడ కొలత కావాలి. కాబట్టి కాగితం మీద రాసివ్వండి. మగవాళ్ళు 75 మి.మీ., ఆడవాళ్ళు 68, పదేళ్ళ పిల్లలు 60. కింద పీట వద్దు, ఒక అరికాలికి 1 మి.మీ. రంధ్రం. మెరుపు వార్నిషు వద్దు. చుట్టకుదురు మీద పెట్టె విడిగా రావాలి. ముఖ్యంగా, మొహాల్లో ఆ చిరునవ్వు తీసెయ్యమనండి. బండి నాలుగు గంటలు లేటు.