మూడు టేబుళ్లా, ఒకే టేబులా?

భీమవరంలో రొయ్యలు కొనే ఆఫీసు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం బ్రాంచిలకు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో తలో టేబుల్. కాలమ్‌లన్నీ ఒకటే: బ్రాంచి, బిల్లు నంబరు, రైతు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), కిలోలు, రేటు. మూడూ ఒకే తెర మీద కనబడాలి, అక్కడే దిద్దుకోవాలి. లెక్కలు చూసే బావగారు వ్యూ (టేబుళ్లలోని డేటాను అక్కడే ఉంచి, కావాల్సినట్టు చూపించే క్వెరీ) చాలంటారు. ప్రోగ్రాములు రాసే బావమరిది టేబుళ్లనే కలిపేయమంటాడు. నా మొగ్గు బావమరిది వైపే, కానీ బావగారి వాదన తీసిపారేసేది కాదు.

బావ: మూడు టేబుళ్లను చదివే సెలెక్ట్‌ల మధ్య, వాటిని ఒకటిగా పేర్చే యూనియన్ ఆల్ పెడితే పోయేదానికి టేబుళ్లను కదపడమెందుకురా? పాలకొల్లు వాళ్ల ప్రోగ్రాం వాళ్ల టేబుల్ మీద చక్కగా నడుస్తోంది.

బావమరిది: చూడ్డానికైతే చాలండి. దిద్దడం దగ్గరే చిక్కంతా. పట్టుబడి రోజు చెరువు గట్టున 40 కౌంట్ అని రాస్తాం. ప్లాంట్‌లో మళ్లీ లెక్కపెడితే కిలోకి 45 తూగుతాయి. కౌంట్ పెరిగితే రేటు తగ్గించాలి. వ్యూలో ఆ వరస మార్చితే, అది ఏ టేబుల్‌లోదో సర్వర్‌కెలా తెలుస్తుందండీ?

బావ: బ్రాంచి కాలమ్ ఉందిగా! భీమవరం టేబుల్‌లో 1, పాలకొల్లులో 2, అమలాపురంలో 3 తప్ప ఇంకోటి రాకూడదని చెక్ కన్‌స్ట్రెయింట్ అనే నిబంధన పెట్టు. ఆ కాలమ్‌ని ప్రైమరీ కీలో (ఒక్కో వరసను విడిగా గుర్తుపట్టే కాలమ్‌లలో) చేర్చు. వరస ఎక్కడిదో దాని మీదే రాసున్నట్టు. దిద్దడమే కాదు, కొత్త బిల్లూ వ్యూలోంచే ఎక్కించొచ్చు. 2000 వెర్షన్ నుంచీ ఉన్న సదుపాయమే ఇది.

బావమరిది: షరతులు కూడా చెప్పండి మరి. ఐడెంటిటీ కాలమ్ (సర్వరే వరుసగా నంబరు వేసేది) ఉంటే వ్యూ ద్వారా ఇన్సర్ట్, అంటే కొత్త వరస ఎక్కించడం, కుదరదు. అమలాపురం బిల్లు నంబరు ఐడెంటిటీయే. డిఫాల్ట్ (మనం ఇవ్వకపోతే సర్వర్ వేసుకునే విలువ) ఉన్న కాలమ్‌కి కూడా విలువ ఇచ్చి తీరాలి. పాత వరసలను పరిశీలించకుండా నోచెక్‌తో కన్‌స్ట్రెయింట్ పెట్టామా, సర్వర్ దాన్ని నమ్మదు. వ్యూలోంచి రాయబోతే 4436 ఎర్రర్ ఇచ్చి, పార్టిషన్ కాలమ్ (వరస ఏ టేబుల్‌దో చెప్పేది) దొరకలేదంటుంది.

బావ: అవి ఒకసారి సరిచేస్తే పోయేవే. నీ పద్ధతిలో కలిపితే? బిల్లు 214 మూడు చోట్లా ఉంది.

బావమరిది: బ్రాంచి, బిల్లు కలిపి కీ చేస్తామండీ. మీ వ్యూకీ ఆ కీ కావాల్సిందే కదా, ఆ పని ఎలాగూ తప్పదు.

బావ: పాలకొల్లు ప్రోగ్రాం సంగతి?

బావమరిది: దానికి వ్యూ నేనే ఇస్తాను. పాత టేబుల్ పేరుతోనే, బ్రాంచి 2 వరసలు మాత్రమే చూపేలా, వేరే బ్రాంచి వరస రాయనివ్వని విత్ చెక్ ఆప్షన్‌తో. ఒకే టేబుల్ మీద కట్టిన వ్యూ కాబట్టి ఆ షరతులేవీ అడ్డురావు. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. రేపు నరసాపురంలో బ్రాంచి తెరిస్తే నాకు ఇంకో నంబరు చాలు. మీకు కొత్త టేబుల్, కొత్త కన్‌స్ట్రెయింట్, వ్యూ మళ్లీ రాయడం.

బావ: మనది 2022 వెర్షన్, ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్. డేటాబేస్ 10 జీబీ దాటకూడదు. టేబుళ్లు వేరుగా ఉంటే వేర్వేరు డేటాబేసుల్లో పెట్టుకుని వ్యూతో కలుపుకోవచ్చు.

బావమరిది: ఆ మాట ఒప్పుకుంటానండి. కానీ వరసకి వంద బైట్లు వేసుకున్నా, 10 జీబీకి దాదాపు పది కోట్ల బిల్లులు పడతాయి. మనం దాని దరిదాపుల్లో లేం.

బావ: (కాసేపాగి) ఐడెంటిటీ తీసేస్తే అమలాపురంలో నంబరు ఎవరిస్తారు?

బావమరిది: సీక్వెన్స్ (టేబుల్‌తో ముడిపడకుండా వరుస నంబర్లిచ్చేది) పెట్టి డిఫాల్ట్‌గా ఇస్తాను. 2012 వెర్షన్ నుంచీ ఉంది.

బావ: అయితే వాళ్ల చివరి బిల్లు తర్వాతి నంబరు నుంచే మొదలెట్టు. రైతు దగ్గరున్న రసీదు నంబరు ఒక్కటి కూడా మారకూడదు.