రోబో సరే, రాత్రి పూట సర్జన్ మాటేమిటి?

పలాసలో జీడిపిక్కల బస్తాలు మోసే కళాసీ, ఉద్దానంలో కొబ్బరి చెట్లెక్కే దింపు కార్మికుడు, విజయనగరం మార్కెట్లో మూటలెత్తే హమాలీ. వీళ్లకు బొడ్డు దగ్గరో గజ్జల్లోనో హెర్నియా ఉబ్బు (పొట్ట గోడ బలహీనపడ్డ చోట లోపలి పేగో కొవ్వో బయటకు తోసుకురావడం) కనిపిస్తే దాన్ని లోపలికి నొక్కుకుని మళ్లీ పనిలోకి పోతారు. పడుకుంటే పోతోంది, నొప్పి కూడా లేదు కదా అనుకుంటారు. సిగ్గుతో ఇంట్లో చెప్పరు, బెల్టు కట్టుకుని ఏళ్లు నెట్టుకొస్తారు. పాత ఆపరేషన్ కుట్టు దగ్గర ఉబ్బిన ఆడవాళ్లయితే దాన్ని గ్యాస్ అనుకుంటారు.

ఇప్పుడు విశాఖ కార్పొరేట్ ఆస్పత్రుల్లో రోబో సర్జరీ ఉంది. ‘రోబో అయితే కోతే ఉండదట’ అన్న మాట మన ఊళ్లకూ చేరింది. చిన్న రంధ్రాలైనా పెట్టాల్సిందే. పైగా రోబో తనంతట తాను ఏమీ కోయదు. సర్జన్ కన్సోల్ ముందు కూర్చుని చేతులు కదిపితే రోగి పొట్టలోని పరికరాలు కదులుతాయి, అంతే. మామూలు లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు దూర్చి చేసే ఆపరేషన్) తిన్నటి కడ్డీలతో పొట్ట గోడకు లోపలి నుంచి కుట్లు వేయడమంటే మంచం మీద పడుకుని ఇంటి కప్పుకు మేకులు కొట్టడమే. రోబో పరికరం మణికట్టులా తిరుగుతుంది. విడిపోయిన కండరాన్ని దగ్గరకు లాగి కుట్టడం, మెష్‌ను, అంటే పొట్ట గోడకు బలంగా వేసే వలలాంటి గుడ్డను, పేగులకు తగలకుండా పొరల మధ్య పరచడం దానితో తేలిక. పాత కుట్ల దగ్గర వచ్చే కొన్ని చిక్కు హెర్నియాలకు ఇది పనికొచ్చే సాధనమే, కాదనం.

కానీ ప్రతి హెర్నియాకూ అదే కావాలా? పొట్ట గోడ హెర్నియా ఉన్న 124 మందిపై అమెరికాలో జరిపిన పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. రోబోతో చేయించుకున్నవారు, లాపరోస్కోపీతో చేయించుకున్నవారు 90 రోజుల్లో ఆస్పత్రిలో గడిపిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రోబో ఆపరేషన్‌కు మాత్రం గంట దాకా అదనంగా పట్టింది, ఖర్చూ పెరిగింది. ఇంకో వైపు, మహారాష్ట్రలో డాక్టర్ టోంగావ్‌కర్ శుభ్రపరిచిన దోమతెర గుడ్డనే మెష్‌గా వాడి పేదలకు గజ్జ హెర్నియాలు బాగుచేశారు. ఉగాండాలో అలాంటి చవక మెష్‌నే 302 మంది మగవాళ్లపై ఖరీదైన దానితో పోల్చి చూస్తే ఏడాది తర్వాత ఫలితాలు దాదాపు ఒకటే. ఆ వివరాలు 2016లో అచ్చయ్యాయి. ఇది మాత్రం ఫ్లెక్సీల మీదకు ఎక్కదు!

మన జిల్లాల అసలు టెన్షన్ వేరే ఉంది. ఉబ్బు గట్టిపడి, లోపలికి పోక, నొప్పితో వాంతులు మొదలైతే పేగు ఇరుక్కుందేమోనని అనుమానించాలి. ఇరుక్కున్న పేగుకు రక్తం అందకపోతే గంటల్లోనే కుళ్లుతుంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు 200 కిలోమీటర్లకు పైనే. ఆ రాత్రి మనిషిని కాపాడేది టెక్కలిలోనో పలాసలోనో మెలకువగా ఉన్న సర్జన్, పక్కన మత్తు డాక్టర్.

అందుకే మా మాట ఇది. ఏరియా ఆస్పత్రుల్లో హెర్నియా ఆపరేషన్లకు వారంలో ఒక రోజు ఖాయం చేయాలి, అది ఏ రోజో ఆశా కార్యకర్తల ద్వారా ఊరూరా చెప్పించాలి. 2023లో విజయనగరంలో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల లాపరోస్కోపీలో చేయి తిరిగిన సర్జన్లను తయారుచేయాలి. రోబో వాడే ప్రైవేటు ఆస్పత్రి, ఈ రోగికి అదెందుకు అవసరమో, మొత్తం బిల్లు ఎంతో ముందే తెలుగులో రాసివ్వాలి. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు బరువులెత్తొద్దంటారు. బరువెత్తితేనే పొయ్యి వెలిగే కళాసీకి ఆ వారాల కూలి ఎవరిస్తారో కూడా ప్రభుత్వం ఆ లెక్కలోనే తేల్చాలి.