మనిషైతే హూ, వస్తువైతే విచ్

కోనసీమలో ఇంగ్లీషు గ్రామర్ ఎంత అభివృద్ధి చెందిందంటే, ఒక పాఠం మొత్తం రెండు ముక్కల్లో అయిపోతోంది. మనిషైతే హూ, వస్తువైతే విచ్. ఎటూ తేలకపోతే దట్ పెట్టి దణ్ణం పెట్టుకో. దీన్ని గైడ్లలో రిలేటివ్ క్లాజ్ అంటారు. ఖాళీలు పూరించుము, ఒక మార్కు. ఆ క్లాజు దేనికి పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. పరీక్షలో రాదు కదా.

పుట్టింది నలుగురిలో ఒకణ్ణి వేలెట్టి చూపించడానికి. ఆ విద్యలో మన డెల్టా వాళ్లని మించినవాళ్లున్నారా? అన్నవరం దేవుడి దయ వల్ల మనకి వీధికో సత్యనారాయణ. ఏ ఊళ్లోనైనా బస్సు దిగి సత్యనారాయణ గారిల్లెక్కడని అడగండి. టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపకుండానే అందుకుంటాడు. "ఏ సత్యనారాయణ గారండీ? రొయ్యల చెరువు తవ్వి మునిగిపోయినాయనా, ఇల్లరికం వచ్చినాయనా, కాలవలో స్కూటర్ పడేసుకున్నాయనా?"

"స్కూటరాయనేనండీ."

"ఆయ్, అలా చెప్పండి. రామాలయం పక్క సందండీ."

ఇప్పుడు ఈయన్ని గైడు ప్రకారం సంస్కరిద్దాం.

"సత్యనారాయణ గారిల్లు ఎక్కడండీ?"

"ఆయన మనిషాండీ, వస్తువాండీ?"

"మనిషేనండీ!"

"అయితే హూ అండీ."

"హూ సరే, ఇల్లెటండీ?"

"ఇల్లు వస్తువు కదండీ. విచ్."

బస్సు దిగినాయన సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటాడు. సంచీలో శుభలేఖలున్నాయి. బెంచీ మీది రిటైర్డ్ మాస్టారు పేపరు మడిచి, "రెంటికీ దట్ కూడా పెట్టొచ్చండీ" అని ధైర్యం చెబుతారు. "మరి ఎటెళ్లాలండీ?" "వెళ్లడం సిలబస్‌లో లేదండీ." పాపం, శుభలేఖ ఇవ్వకుండానే సాయంత్రం బస్సుకి అమలాపురం తిరుగుముఖం పడతాడు. పెళ్లికి పిలవలేదని ముగ్గురు సత్యనారాయణలూ అలుగుతారు.

కామా సంగతి ఇంకా ప్రమాదం. 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ భీమవరం' అని కామాల్లేకుండా రాస్తే, తమ్ముళ్లు ఇంకా ఉన్నారు, నేను చెప్పేది భీమవరం తమ్ముడి గురించి అని. ఆ క్లాజుకి అటొక కామా ఇటొక కామా తగిలిస్తే ఉన్నదే ఒక్క తమ్ముడు, భీమవరం కాపురం అదనపు సమాచారం. మిగతా తమ్ముళ్లు ఆస్తిలోంచి మాయం! సెంటు గట్టు కోసం తరాల తరబడి కోర్టుకి తిరిగే గడ్డ మీద ఈ ముక్క పిల్లలకి చెప్పకుండా దాటేస్తున్నారంటే గుండె ధైర్యమే. తూర్పున పంట బోదె, దక్షిణాన ఫలానా వారి కొబ్బరి తోట, 'ఈ హద్దుల మధ్య గల' 50 సెంట్లు అని రాసే దస్తావేజు లేఖరిని తెచ్చి ఈ పాఠం చెప్పించినా నయం.

ఇక నవ్వులాట చాలు. మా పక్కింటి పిల్లాడు ఎనిమిదో తరగతి. 'మా తాతయ్య నాటిన కొబ్బరి చెట్టు' ఇంగ్లీషులో రాయమంటే 'ది కోకోనట్ ట్రీ మై గ్రాండ్‌ఫాదర్ ప్లాంటెడ్' అని రాశాడు. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన 'విచ్ ఎక్కడ?' అని రాశారు. అయ్యా, అక్కడ విచ్ అక్కర్లేదు! నాటింది తాత. చెట్టు కర్మ. కర్మ అయినప్పుడు విచ్ అయినా దట్ అయినా తీసెయ్యొచ్చు, ఇంగ్లీషు వాళ్లు రోజూ తీసేసే మాట్లాడుకుంటారు. మన భాషలో చివరికొచ్చే చెట్టుని ముందుకి లాక్కొచ్చి, తాతని దాని వెనక నిలబెట్టి, 13 ఏళ్లవాడు వాక్యాన్ని సొంతంగా తిరగేశాడు. అది చేతకాక డిగ్రీలయినవాళ్లు ఇంటర్వ్యూల్లో నీళ్లు నములుతున్నారు. మీకు తెలియకపోతే ఊరుకోండి, కొట్టెయ్యకండి! తెలుగు మాట్లాడితే ఫైను, ఇంగ్లీషు సరిగ్గా రాస్తే అడ్డగీత. ఇక వాడు ఏ భాషలో నోరు విప్పాలి?

వాళ్ల నాన్న వెళ్లి అడిగితే "కీలో విచ్ ఉందండీ" అన్నారట. పిల్లాడు తెలివైనవాడు, దారి మార్చాడు. మా ఇంట్లో కొబ్బరి చెట్టు ఉంది. దాన్ని మా తాతయ్య నాటాడు. రెండు వాక్యాలు, రెండు టిక్కులు.