ఏరు దాటాక తెప్ప తగలేస్తారా?

"మంచి పని చేశాడు, ఇంకా ముందే చేయాల్సింది." హెచ్‌1బీ వీసా (విదేశీ నిపుణులకు అమెరికాలో ఉద్యోగానికిచ్చేది) కొత్త దరఖాస్తు మీద లక్ష డాలర్ల ఫీజు వేస్తూ 2025 సెప్టెంబరు 19న ట్రంప్ సంతకం పెట్టినప్పటి నుంచి ఈ మాట చెవిన పడుతూనే ఉంది. అన్నవాడు ట్రంప్ అభిమానుల ఎర్రటోపీ పెట్టుకున్న టెక్సాస్ తెల్లాయన అయితే దానికి ఈ పేజీలో చోటు దండగ. అంటున్నది మనవాళ్లు. పాతికేళ్ల కిందట అదే హెచ్‌1బీ మీద దిగి, గ్రీన్‌కార్డు తెచ్చుకుని, సిటిజన్ ప్రమాణం చేసి, నాలుగు బెడ్‌రూముల ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించుకున్న తెలుగువాళ్లు. అందరూ కాదు, నిజమే. కానీ వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ చర్చల్లో, సంక్రాంతికి వచ్చి మన ఇళ్ల సోఫాల్లో కూర్చుని ఈ ముక్క చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువగా లేరు.

ఫీజు సంగతి, మర్నాడు "కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే" అంటూ వచ్చిన వివరణ, ఈ లోపు సెలవులు తెంచుకుని విమానాశ్రయాలకు పరుగెత్తినవాళ్ల టెన్షన్, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. మా కోపం ట్రంప్ మీద కాదు. ఆయన ఓట్లు అడిగిందే ఇలాంటి పనులు చేస్తానని. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే మన బుద్ధి మీద.

కొత్తగా వచ్చేవాళ్లు మోసాలు చేస్తున్నారన్న వాళ్ల వాదనలో బొత్తిగా పస లేదని అనలేం. దొంగ ఎక్స్‌పీరియన్సులు, ఒకరి బదులు ఇంకొకరు ఇచ్చే ఇంటర్వ్యూలు, వీసా ఎవరికివ్వాలో తేల్చే లాటరీలో ఒక్క మనిషి పేరు మీద నాలుగైదు రిజిస్ట్రేషన్లు మన పేరు చెడగొట్టాయి. సరే, ఒప్పుకున్నాం. మరి ఇవన్నీ చేయించిన కన్సల్టెన్సీలు నడిపిందెవరు? 2023 మార్చి లాటరీకి వచ్చిన రిజిస్ట్రేషన్లు 7.8 లక్షలు. అందులో 4 లక్షలకు పైగా ఒకే వ్యక్తికి ఒకటికి మించి వేసినవి. లాటరీలో పేరు వేసేది కంపెనీ, కుర్రాడు కాదు. కంపెనీ పెట్టాలంటే అక్కడ కాలు నిలదొక్కుకున్నవాడై ఉండాలి. కుర్రాణ్ని గెస్ట్‌హౌస్‌లో కుక్కి, ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద జీతం లేకుండా కూర్చోబెట్టి, రెజ్యూమెలో ఎనిమిదేళ్ల అనుభవం అల్లిన పెద్దమనిషి ఎవరు? నిన్న దిగినవాడు మాత్రం కాదు. మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వమే పెట్టిన ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ వలలో 2019లో చిక్కిన విద్యార్థులను గుర్తు చేసుకోండి. వల సర్కారుదే. పిల్లలను అందులోకి తోలినందుకు కేసుల్లో ఇరుక్కున్న ఎనిమిది మంది మాత్రం మనవాళ్లే. తప్పుడు సరుకు అమ్మి సొమ్ము చేసుకున్నవాళ్లే ఇప్పుడు కొన్నవాడిని దొంగ అంటున్నారు.

ఇంకో మాట వినిపిస్తుంది: "మేం రూల్స్ ప్రకారం లైన్లో నిలబడి వచ్చాం."

ఏ లైను? 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే హడావుడిలో అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని వెళ్లిన బ్యాచ్‌కు కాస్త లెక్కలు గుర్తు చేయాలి. 1999లో హెచ్‌1బీ కోటా 1,15,000. 2001 నుంచి మూడేళ్లపాటు ఏటా 1,95,000. ఇప్పుడు 65,000, అక్కడి మాస్టర్స్ చదివినవాళ్లకు ఇంకో 20,000. రెండు దశాబ్దాలుగా ఇంతే. గ్రీన్‌కార్డు కథ ఇంకా ఘోరం. ఉద్యోగం మీద ఇచ్చేవి ఏడాదికి సుమారు 1,40,000, భార్యా పిల్లలతో కలిపి. ఏ దేశానికైనా మామూలుగా 7 శాతానికి మించకూడదు. ఐస్‌లాండ్‌కూ అదే గీత, మన దేశానికీ అదే గీత. అమెరికాలోని కేటో ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2023లో లెక్క తీస్తే ఈ లైన్లో భారతీయులే దాదాపు 11 లక్షల మంది తేలారు. కొత్తగా చేరేవాడికి పట్టే కాలం 134 ఏళ్లు. అచ్చుతప్పు కాదు, నూట ముప్పై నాలుగే. మీరు నిలబడ్డది సినిమా టికెట్ల లైను. మ్యాట్నీకి దొరక్కపోతే ఫస్ట్ షోకి దొరికింది. వీళ్లు నిలబడ్డ లైన్లో మునిమనవడి పేరు కూడా ఇప్పుడే రాయించుకోవాలి.

ఆ లైన్లో పిల్లలూ ఉన్నారు. మూడేళ్ల వయసులో అమ్మ ఒళ్లో కూర్చుని వెళ్లి, అక్కడే అఆలు బదులు ఏబీసీడీలు దిద్దుకుని, అమెరికా జాతీయగీతం తప్ప ఇంకోటి రాని పిల్ల 21 నిండేసరికి హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల భార్యాపిల్లలకిచ్చే) హోదా పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత తను పెరిగిన ఊళ్లోనే విదేశీ విద్యార్థి. చట్టం తప్పింది ఎవరు? తండ్రా, కూతురా? ఇద్దరూ కాదు. పన్నులు కడుతూ, తిరిగి వెళ్లడానికి వీసా స్టాంపింగ్ దొరకదేమోనని, చచ్చిపోయిన తండ్రిని చూడ్డానికి కూడా రాలేక, రూల్స్ ప్రకారమే బతుకుతున్నారు. వీళ్లను చూసి లైను గురించి పాఠం చెప్పడానికి మనసెలా ఒప్పుతుందో మాకు అర్థం కాదు.

"మేం వేరు, వాళ్లు వేరు" అన్న ఈ పాట కొత్తది కాదు. నూరేళ్ల కిందటే ఒకాయన పాడి చూశాడు. భగత్‌సింగ్ థింద్. పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. బయటి నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకు, ఆఫ్రికా మూలాలవాళ్లకు తప్ప పౌరసత్వం లేదన్న రోజుల్లో, నేనూ ఆర్యుణ్నే, నన్ను తెల్లవాడి కింద లెక్కేయండి అని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆయన తరఫు వాదన చదివితే ఇవాళ ఒళ్లు జలదరిస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర అమెరికా తెల్లవాడు నల్లవాడిని ఎలా చూస్తాడో, పై కులపు హిందువు ఇక్కడి ఆదివాసిని అలాగే చూస్తాడట! అంటే మేమూ మీలాగే కింది వాళ్లను తొక్కుతాం, కాబట్టి మీ పంక్తిలో కూర్చోనివ్వండి అని. 1923లో కోర్టు ఏకగ్రీవంగా కుదరదంది. అంతటితో పోలేదు. అప్పటికే పౌరసత్వం వచ్చిన పదుల మంది భారతీయుల కాగితాలను కూడా వెనక్కి లాక్కున్నారు. ఏరు దాటేశాం అనుకున్నవాళ్లను మళ్లీ నీళ్లలోకి నెట్టారు.

ఆ తలుపు మళ్లీ బార్లా తెరిచింది 1965 నాటి అమెరికా వలస చట్టం. అది ఊరికే రాలేదు. నల్లవాళ్లు లాఠీలు తిని, కుక్కలతో కరిపించుకుని పౌరహక్కులు సాధించుకున్న కాలంలో, ఆ గాలికి వచ్చింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల నుంచి వెళ్లిన మొదటి తరం డాక్టర్లు ఎక్కిన తెప్ప అదే. వాళ్లు స్పాన్సర్ చేసిన తమ్ముళ్లు, బావమరుదులు ఎక్కిందీ అదే. ఒకరి రక్తంతో కట్టిన తెప్ప మీద దాటి, ఒడ్డున నిలబడి అగ్గిపుల్ల గీస్తామంటే ఎలా?

పోనీ, తగలేస్తే తమకైనా చలి కాగుతుందా? 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేథేలో ఒక తెలుగు ఇంజినీరును కాల్చి చంపినవాడు ముందు ఏ వీసా మీద ఉన్నారని గుచ్చి అడిగాడు, తర్వాత నా దేశం నుంచి పొమ్మని అరిచాడు. చట్టప్రకారమే ఉన్నారు. ఏం అడ్డుపడింది? టెక్సాస్ షుగర్‌ల్యాండ్‌లో గుడి ముందు నిలబెట్టిన 90 అడుగుల హనుమంతుణ్ని చూసి 2025 సెప్టెంబరులో ఒక రిపబ్లికన్ నాయకుడు అది దొంగ దేవుడి విగ్రహమన్నాడు. ఆ హనుమంతుడికి దణ్ణం పెట్టేవాళ్లలో సిటిజన్లెవరు, హెచ్‌1బీలెవరు అని విడదీసి తిట్టాడా? ఇటు పౌరసత్వాలు రద్దు చేసే కేసులకు ప్రాధాన్యం ఇవ్వండని అమెరికా న్యాయశాఖ 2025 జూన్‌లోనే తన లాయర్లకు మెమో పంపింది. 19 దేశాల గ్రీన్‌కార్డులను తిరగదోడతామని నవంబరులో ప్రకటించారు. ఆ జాబితాలో మన దేశం లేదు కదా అని ఊపిరి పీల్చుకున్నవాళ్లకు థింద్ కథ ఇంకోసారి చదవమని చెప్పడం తప్ప చేయగలిగింది లేదు.

ఇక్కడున్న మనం కడిగిన ముత్యాలమని కాదు. 2025 ఆగస్టులో తెలంగాణలో "మార్వాడీ గో బ్యాక్" అని నినాదాలు చేశాం. ఆ తర్వాత అమెరికాలో మన పిల్లలను గో బ్యాక్ అంటున్నారని గుండెలు బాదుకున్నాం. అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ మూలాలు ఇక్కడున్నాయని పశ్చిమ గోదావరి వడ్లూరులో పూజలు చేశాం. భారతీయుల మీద ద్వేషం మామూలైపోవాలని రాసిన కుర్రాణ్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్నది ఆమె భర్తే. అది తెలిశాక ఊళ్లో ఎవరికైనా ఏమైనా అనిపించిందో లేదో.

అమెరికా తన తలుపులు ఎంత తెరవాలో ఆ దేశం ఇష్టం. అక్కడ ఓటున్న తెలుగువాళ్లకు దాని మీద అభిప్రాయం ఉండటం హక్కే. కానీ హక్కున్నంత మాత్రాన గతం చెరిగిపోదు. చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నది మీరు. వీసా వచ్చాక 108 తిరిగి మొక్కు తీర్చుకున్నది మీరు. బయటికొస్తూ, ఇక గుడికి తాళం వేసేయమని పూజారికి చెప్పారా? ఇవాళ కూడా అక్కడ పిల్లలు చేతిలో లెక్కల కాగితం పట్టుకుని ఒక్కో చుట్టూ టిక్కు పెట్టుకుంటూ తిరుగుతున్నారు. వాళ్లలో మీ అక్క కొడుకూ ఉండొచ్చు. వాడికి మీరు రిఫరల్ ఇవ్వక్కర్లేదు, ఫోన్ ఎత్తకపోయినా ఫర్వాలేదు. దారికి అడ్డంగా నిలబడి చప్పట్లు మాత్రం కొట్టకండి. మీకు లేకపోయినా, చూస్తున్న మాకు సిగ్గుగా ఉంది.