చప్పుడు వినకుండానే ఎస్టిమేట్ రాసేస్తారా?

మా కింది ఫ్లాట్ ఆంటీ ఇందాకే ఒక చీటీ చూపించి వెళ్లారు. అది చూసినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. ఆవిడ కారు వెనక నుంచి గుంతల్లో ‘టక టక’మని చప్పుడు వస్తోందని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లారు. అక్కడ చేతిలో పెట్టింది ఇది: వెనక షాకప్‌లు రెండు, వీల్ బేరింగులు రెండు, బ్రేక్ డ్రమ్ములను లేత్ మీద నున్నగా చేయించడం, పైన లేబర్. 14 వేల చిల్లర. బండిని గేటు దాటించిన పాపాన పోలేదు. వెనక సీట్లో కూర్చుని ఒక్క గుంత కూడా దాటి చూడలేదు. ఆవిడ నోటితో చెప్పిన ‘టక టక’ విని, కంప్యూటర్లో నాలుగు పార్ట్ నంబర్లు కొట్టి, సంతకం పెట్టమన్నారు.

పార్కింగ్‌లో డిక్కీ ఎత్తి కార్పెట్ తీస్తే, స్టెప్నీని పట్టి ఉంచే మధ్య బోల్టు సగం ఊడి ఉంది. చక్రాన్ని చేత్తో ఊపితే అదే ‘టక టక’. పంక్చర్ వేయించినప్పుడు ఎవరో చక్రాన్ని అలాగే పడేసి మూత వేసి పంపించారు. బోల్టు చేత్తో బిగించాం, అయిపోయింది. దీనికి 14 వేలా? స్టెతస్కోపు పెట్టకుండా ఆపరేషన్ రాసే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్తామా మనం?

వెనక చప్పుడు పట్టుకోవడం కష్టమే, కాదనను. వెనకంతా ఖాళీ రేకు డబ్బా. ఎడమ పక్క కొట్టుకునేది కుడి పక్క వినిపిస్తుంది, కింద కొట్టుకునేది సీటు వెనక వినిపిస్తుంది. కష్టం కాబట్టే ముందు వినాలి. అన్నీ మార్చేస్తే ఏదో ఒకటి తగలకపోతుందా అన్న పద్ధతికి డబ్బు కట్టేది మనం.

మొదట డిక్కీ పూర్తిగా ఖాళీ చేయండి. నీళ్ల క్యాను, గొడుగు, గుళ్లో ఇచ్చిన కొబ్బరికాయల సంచి మాత్రమే కాదు. స్టెప్నీ, జాకీ, వీల్ పానా కూడా దించి, అదే రోడ్డు మీద అదే స్పీడులో ఒక చుట్టు కొట్టండి. చప్పుడు పోయిందా, బండి కింద దూరాల్సిన పనే లేదు. ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ రండి. జాకీని దాని గూట్లో పెట్టాక మర కొంచెం తిప్పి పైకి లేపితే గూటికి బిగుసుకుని కూర్చుంటుంది. చాలామంది ఇది చేయరు, ఏళ్ల తరబడి ఆ మోత వింటూ తిరుగుతారు. చప్పుడు పోలేదా, అప్పుడు వెనక సీటు వీపు లాక్ చూడండి. కొక్కేనికి ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టి తోలండి. పార్సిల్ ట్రే (వెనక సీటు వెనక, డిక్కీ మీద కప్పే పలక) తీసేసి తోలండి. డిక్కీ తలుపు అంచున రెండు రబ్బరు బుడిపెలు ఉంటాయి. అవి అరిగినా లోపలికి దిగినా తలుపు మొత్తం అదురుతుంది. చాలా బండ్లలో వాటిని కాస్త బయటికి తిప్పితే చాలు. తోడుగా వచ్చి వినేవాళ్లు ఎవరూ లేకపోతే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి డిక్కీలో ఒకసారి ఎడమ మూల, ఒకసారి కుడి మూల పెట్టి ఒకే దారిలో పోనివ్వండి. ఏ పక్క గట్టిగా వినిపిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇంతవరకు పైసా ఖర్చు లేదు. సర్వీస్ సెంటర్లో ఇది ముందు ఎందుకు చేయరో ఆలోచించండి.

తర్వాత చప్పుడు ఎప్పుడు వస్తోందో చూడాలి. మన హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ మీద మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, పొడుగునా జాయింట్లు. ఒకే స్పీడులో వెళ్తే జాయింట్ జాయింట్‌కీ ‘ధడ్’మంటోందా? అయితే షాకప్ బుష్‌లు (కీళ్ల దగ్గర అదురు తగ్గించే రబ్బరు ముక్కలు), షాకప్‌ను పైన బాడీకి బిగించే మౌంటులు, సైలెన్సర్ రబ్బర్లలో వెతకండి. సైలెన్సర్ చూడటం అన్నింటికంటే తేలిక: ఇంజిన్ చల్లారాక గొట్టం చివర పట్టుకుని అటూ ఇటూ ఊపండి. బాడీకి తగిలి మోగితే వేలాడదీసే రబ్బరు తెగిందనో సాగిందనో అర్థం. రాణిగంజ్‌, పుత్లీబౌలి స్పేర్ పార్టుల షాపుల్లో దొరికే చిన్న రబ్బరు ముక్క అది. బండి కదలకుండానే, ఇంజిన్ ఒక ఆర్‌పీఎం (తిరిగే వేగం) దగ్గర మాత్రమే ‘జర్ర్’మని వస్తే సైలెన్సర్ క్లాంపో, వేడి తగలకుండా పెట్టే రేకో వదులైంది. షాకప్‌తో దానికి సంబంధమే లేదు.

అసలు గుంతలతో పని లేకుండా, స్పీడుతో పాటు పెరిగే ‘గూఁ’ అనే మోత వేరు. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లాంటి నున్నటి రోడ్డు మీదే అది సరిగ్గా తెలుస్తుంది. 80లో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలేయండి, గేరు న్యూట్రల్ చేయనక్కర్లేదు. ఇంజిన్ మీద భారం తగ్గినా మోత మారకుండా, బండి స్పీడుతోనే తగ్గుతుంటే అది చాలామటుకు చక్రాల దగ్గరిదే. ఇక్కడే అందరూ బేరింగ్ అనేస్తారు. ఆగండి. ఎగ్జిట్ ర్యాంపు మీద పొడుగాటి మలుపులో వినండి. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగ్ మీద అనుమానం. ఎటు తిరిగినా మోత ఒకేలా ఉంటే టైర్లు చూడండి. టైరు మీద అరచేత్తో ముందుకీ వెనక్కీ నిమిరితే, ఒక వైపు నున్నగా ఇంకో వైపు రంపంలా తగిలినా, ఎత్తుపల్లాలుగా ఉన్నా, మోత చేసేది ఆ టైరే. ముందు చక్రాలతో లాగే చిన్న కార్లలో వెనక టైర్లను ఎవరూ పట్టించుకోరు. 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి మార్చకపోతే ఇలాగే అరుగుతాయి. అనుమానం తీరకపోతే వెనక టైర్లు ముందుకి వేయించండి. మోత కూడా ముందుకి వచ్చిందా, బేరింగ్ డబ్బులు మిగిలినట్టే.

నిజంగా బేరింగే పోతే? బండిని స్టాండు మీద నిలబెట్టి చక్రం చేత్తో తిప్పుతూ ఇంకో చెయ్యి స్ప్రింగ్ మీద వేస్తే గరగర తెలుస్తుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడలాడవచ్చు. అప్పుడు మార్చండి, ఆ పక్కది మాత్రమే. మార్చేటప్పుడు అక్కడే నిలబడండి. కొత్త బేరింగ్‌ని సుత్తితో కొట్టి దించే వాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు! బయటి రింగుని హబ్‌లో కూర్చోబెట్టడానికి లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా గోళీల మీదుగా వెళ్లి, అవి తిరిగే దారిలో గుంటలు పడతాయి. కొన్నాళ్లకే కొత్తది కూడా అరవడం మొదలెడుతుంది. ‘పార్ట్ క్వాలిటీ అట్లుంది సార్’ అంటారు. పార్ట్‌ది కాదు తప్పు, సుత్తిది. ప్రెస్ మీద, బయటి రింగు పట్టుకుని దించాలి.

కొన్ని చప్పుళ్లకు మాత్రం ఆలస్యం వద్దు. బ్రేక్ తొక్కినప్పుడు ఇనుము మీద ఇనుము గీరినట్టు వస్తే బ్రేక్ లైనర్లు (రాపిడి పట్టీలు) అరిగి ఇనుము బయటపడిందన్నమాట, ఆ రోజే బండి ఆపేయండి. ఊరికే కీచుమంటుంటే బ్రేక్ వెనక ఉండే కవరు రేకుకీ డ్రమ్ముకీ, లేదా ఆ రేకుకీ డిస్కుకీ మధ్య రాయి ఇరుక్కుని ఉండొచ్చు. మెల్లగా నాలుగు గజాలు రివర్స్ తీస్తే చాలాసార్లు రాలిపోతుంది. వానాకాలంలో హ్యాండ్ బ్రేక్ వేసి రెండు రోజులు నిలబెట్టిన బండి కదలగానే వెనక ‘ధడ్’మంటే, లైనర్లు తుప్పుతో డ్రమ్ముకి అంటుకుని విడిపోయాయన్నమాట. మళ్లీ రాకుండా గేరులో పెట్టి, చక్రానికి చెక్కముక్క అడ్డం పెట్టండి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న వాళ్లు వెనక చప్పుడు వినగానే బ్రాకెట్ బోల్టులు కిట్ వేసిన చోటే చూపించండి. పక్కింటి మెకానిక్ చేత బిగింపించకండి. మూడేళ్లకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్ట్ (సిలిండర్‌ని నీటి ఒత్తిడితో పరీక్షించడం) గడువు కూడా అప్పుడే చూసుకోండి.

ఇక బుష్‌లు. ఇవే అసలు బాధ. స్పీడ్ బ్రేకర్ మీద వెనక ‘కిర్రు’మంటే వెనక ఇరుసు రబ్బరు బుష్ అయి ఉండొచ్చు. స్ప్రే బాటిల్‌తో ఒక్కో బుష్ మీద నీళ్లు కొట్టి దాటి చూడండి. దేని మీద కొట్టినప్పుడు కాసేపు ఆగిందో అదే. దాని మీద ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయించుకోకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బుష్ మార్చాక బోల్టులు ఎప్పుడు బిగిస్తున్నారో చూడండి. బండి గాల్లో, చక్రాలు వేలాడుతుండగా ఫుల్ టైట్ చేస్తే ఆ రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టుకుంటుంది. కిందికి దించగానే మెలితిరిగి, ఎప్పుడూ ఆ మెలితోనే తిరుగుతుంది, తొందరగా చిరుగుతుంది. బోల్టులు తగిలించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. ర్యాంపు మీద ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఇవ్వరు. మళ్లీ చప్పుడు వస్తే మళ్లీ మనదే ఖర్చు.

అసలు ఇన్ని బుష్‌లు ఎందుకు పోతున్నాయి ఈ ఊళ్లో? మన కాలనీల్లో రాత్రికి రాత్రి లేచే స్పీడ్ బ్రేకర్ల వల్ల. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకంలో కొలత రాసి ఉంది: 25 కిలోమీటర్ల స్పీడుకి వేసే గుండ్రటి బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే మనిషి రెండు నిలువుల పొడుగున మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. మన కాలనీల్లో ఉన్నదేంటి? మిగిలిన కాంక్రీటుతో మేస్త్రీ పోసిన అడుగు వెడల్పు గట్టు. తెల్ల రంగు లేదు, ముందు బోర్డు లేదు. కొన్నిచోట్ల ఇంటి ముందు ఒకటి చొప్పున. ముందు చక్రాలు దాటగానే డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కుతాడు, వెనక ఇరుసు ‘ధబ్’మని పడుతుంది, షాకప్ చివరి రబ్బరు దాకా మునుగుతుంది. వెనక సీట్లో నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లుంటే? నిండు గర్భిణి ఉంటే? లోపల పేషెంటుతో అంబులెన్సు వస్తే? అసోసియేషన్ మీటింగ్‌లో ఎత్తితే ‘పిల్లలు ఆడుకుంటారు కదండీ’ అని నోరు మూయిస్తారు. పిల్లల కోసమే అయితే కొలత ప్రకారం వేయండి, రంగు వేయండి, బోర్డు పెట్టండి. ఎవరు వద్దన్నారు?

ఈ ఆదివారం టేపు పట్టుకుని మీ గేటు ముందున్న దాని వెడల్పు కొలవండి. కొలిచి కింద రాయండి, కాలనీ పేరుతో సహా.